దిన్నె మీద నామం వేసిందెవరు

చిత్తూరు: వంద కాపీల బెదిరింపు

కొత్తదిన్నెకు మీరెవరూ వెళ్లి ఉండరు. వెళ్లవలసిన పనీ లేదు. గూడూరులో బస్సెక్కితే సముద్రం వైపు రోడ్డు ఉన్నంత దూరం తీసుకుపోయి దించేస్తారు. అక్కడి నుంచి గంట నడక. చూడడానికి శిల్పాలు లేవు, తినడానికి హోటలు లేదు. అయినా ఈ క్రిస్మస్ సెలవుల్లో నేను పనిగట్టుకుని వెళ్లాను. కారణం ఒక కరపత్రం.

ఎవరో దాన్ని చిత్తూరులో మా తలుపు సందులోంచి లోపలికి తోసిపోయారు. పసుపు కాగితం, పైన శంఖుచక్రాలు. కార్తీకంలో తుఫాను పట్టి ఏరు పొంగినప్పుడు కొత్తదిన్నె మీదికి సాక్షాత్తు గరుత్మంతుడు దిగివచ్చాడట. భక్తులను రెక్కల మీద మోసుకుపోయాడట. పోతూ పోతూ ఊరి పక్క దిన్నె మీద నిలువెత్తు తెల్లని నామం వేశాడట. ఇది చదివినవారు వంద కాపీలు అచ్చు వేయించి పంచాలి. పంచినవాడికి లాటరీ తగిలిందట, నవ్వినవాడు నెత్తురు కక్కుకున్నాడట.

నేను నవ్వాను. కాసేపు కాచుకున్నాను. ఏమీ కక్కలేదు. కాఫీ తాగాను.

నేను బడిలో సైన్సు చెబుతాను. సాయంత్రాలు మా చర్చా సంఘంలో దేవుడి మీద వాదిస్తాను. ఇరవై ఏళ్లుగా ఏ గుడి ముందూ చెప్పులు విడవలేదు. అందుకని పెళ్లిళ్లకు నన్ను పిలవడం చాలామంది మానేశారు. ఆ వరదలో జనాన్ని ఎత్తింది సైన్యం హెలికాప్టరని పత్రికల్లో అందరం చదివాం. నెల తిరక్కుండానే దానికి ముక్కూ రెక్కలూ మొలిచాయి. ఇంకో నెల పోతే గుడి మొలుస్తుంది. వెళ్లి నిజం తేల్చి వద్దామని సంచీ సర్దాను.

"పోతే పో. దావలో ఎవురితోనూ కొట్లాడొద్దు" అంది మా ఆవిడ. మాట ఇచ్చాను. పాకాల దాటేలోపే తప్పాను.

తిరుపతి: గుండుతో ఒక సార్జెంటు

బస్సులో నా పక్కన కూర్చున్నది పాలసముద్రం వైపు నుంచి వస్తున్న ఒక వైష్ణవ పెద్దమనిషి. ఆయన దగ్గరా అదే పసుపు కాగితం ఉంది. ఆయన బెంగంతా ఒకటే, దిన్నె మీద పడింది వడగలై నామమా తెంగలై నామమా అని. "కింద పాదం ఉండాదా లేదా, అది తెలియకుండా ఎట్టా మొక్కేది?" అన్నాడు. దేవుడు దిగివచ్చినా ముందు ఏ శాఖవాడో సర్టిఫికెట్టు చూపించాలన్నమాట. ఆ మాట పైకే అన్నాను. చంద్రగిరి దాకా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

తిరుపతిలో బస్సు దిగగానే నలుగురు లాడ్జీలవాళ్లు, ఇద్దరు మంగలివాళ్లు చుట్టుముట్టారు. నా తలలో మిగిలిన వెంట్రుకలు చూసి మంగలివాళ్లే ముందు వెనక్కి తగ్గారు. ఊరంతా గుండ్లు, వాటి మీద చందనం. ఎదురుగా వస్తున్నది ఆడో మగో, జడ్జీయో రైతో గుర్తుపట్టలేం. సంస్కర్తలు వందేళ్లుగా అడుగుతున్న సమానత్వాన్ని ఈ ఊళ్లో మంగలికత్తి అరగంటలో తెచ్చిపెడుతుంది. జుట్టు మొలిచేదాకే దాని గడువు.

స్టేషను ఎదుటి హోటల్లో రెండు ఇడ్లీలు అర్ధరూపాయి, సాంబారు ఎంతడిగితే అంత. నా ఎదురు బల్ల దగ్గర ముప్పై దాటిన ఒక మనిషి కొత్త గుండుతో, వట్టి కాళ్లతో కూర్చుని సప్లయరుకు మొర పెట్టుకుంటున్నాడు. "కొత్త చెప్పులు సామీ! దర్శనం చేసుకుని వచ్చేలోపల ఎవురో ఏసకపోయినారు."

"నా చెప్పులు చూడండి, భద్రంగా ఉన్నాయి. గుడికి పోకపోవడంలో ఇదొక లాభం" అన్నాను.

అతను కోపం తెచ్చుకోకుండా గట్టిగా నవ్వాడు. మాట కలిసింది. పేరు మునిరత్నం. మా జిల్లావాడే, పుత్తూరు అవతల పల్లె. ఏం చేస్తారంటే, "ఎయిర్‌ఫోర్సులో సార్జెంటు సార్. హెలికాప్టర్లో తలుపు కాడ కూసుంటా. తీగ దించి జనాన్ని పైకి లాగేది నా పని" అన్నాడు.

ఇడ్లీ పక్కన పెట్టాను. పసుపు కాగితం తీసి చూపించాను. చదివి తల మీది చందనం తుడుచుకున్నాడు. "ఈ ఊరికి పోయింది మేమే సార్."

నేను వెతుక్కుంటూ బయలుదేరిన సాక్షి సాంబారు గిన్నె ముందు దొరికాడు, అదీ మొక్కు తీర్చుకుని. నా సైన్సు హీరోకు గుండేమిటని అడగకుండా ఉండలేకపోయాను.

"ఇంజన్ సూసుకునేది నేను సార్, మొక్కుకునేది మా యమ్మ. నేను తీగ పట్టుకుని యాలాడతాంటే ఆమె ఇంట్లో దేవుణ్ని పట్టుకుని యాలాడతా ఉంటాది. ఎవురి డ్యూటీ వాళ్లది."

మూడు కాఫీలదాకా మాట్లాడాడు. వాళ్ల యూనిట్ కథ అతనికీ పాతవాళ్లు చెప్పిందే. మొదట్లో వాళ్లకున్నవి గాజుబుడ్డి లాంటి చిన్న యంత్రాలు. గాయపడిన సిపాయిని లోపల పడుకోబెట్టే చోటు లేక బయట పక్కన స్ట్రెచరుకు కట్టి, మంచుకొండల మీంచి గాలిలో దించుకొచ్చేవాళ్లట. యుద్ధం అయిపోయేది, వరద వచ్చేది. వరద తీసేది, ఎక్కడో కొండలో బస్సు పడేది. ఇప్పుడు నడిపే యంత్రానికి సర్కారు ఏదో పాత రాజుగారి గుర్రం పేరు పెట్టిందట. "తుపాకీ పట్టుకుందామని చేరినా సార్. ఇన్నేండ్లలో నేను పట్టుకునిందంతా జనాల సంకలే" అన్నాడు.

ఎత్తే పద్ధతి చెప్పాడు. పైలట్‌కు తన కింద ఏముందో కనబడదు. తలుపు దగ్గర బోర్లా పడుకున్న మనిషే అతని కళ్లు. ముందుకు, కుడికి, ఇంకొంచెం, ఆపు అని గొంతుతో నడిపించాలి. తీగ చివరి కొక్కేన్ని మొదట నేలకో నీళ్లకో తగలనివ్వాలి. రెక్కలు గాలిలో తిరిగి తిరిగి యంత్రానికి కరెంటు పట్టి ఉంటుంది. తొందరపడి ముట్టుకుంటే కొడుతుంది.

"ఆ ఊర్లో మిద్దె మీద ఒక పెద్దాయన ఉన్నాడు సార్. వద్దు వద్దని సైగ చేస్తానే ఉండా. ఎగిరి పట్టుకున్నాడు. వెల్లకిలా పడినాడు. లేస్తానే గోవిందా అని దండం పెట్టినాడు."

"మరి నామం?"

మునిరత్నం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. మొదటి రోజు మిద్దెల మీదివాళ్లను తీగతో ఎత్తారు. మర్నాడు పోతే దిన్నె మీద ఏటి పక్క వాడవాళ్లు ఉన్నారు. వాళ్లతో నొప్పులు పడుతున్న ఒక పిల్ల, నడవలేని ఒక ముసలామె. ఇద్దరినీ తీగకు కట్టి లాగే వీల్లేదు, యంత్రమే దిగాలి, దిగడానికి ఆ దిన్నె తప్ప ఇంకో చోటు లేదు. నేల గట్టిదో కాదో చూడడానికి ఇతన్ని ముందు తీగ మీద దించారు. దిగవలసిన చోట తెల్లగా ఇంగ్లీషు హెచ్ అక్షరం వేయాలి. తెల్లగుడ్డ అడిగితే బురద కానిది ఒక్కటీ లేదు. అప్పుడు ఒకామె నెత్తి మీది మూట దించి విప్పింది. ముగ్గుపిండి!

"ముగ్గు అమ్ముకునే ఆమె సార్. ఇల్లు పోయినా సరుకు ఇడవలేదు. నేను కట్టెపుల్లతో గీసి సూపిస్తే, వంగి రెండు నిలువు గీతలు, నడాన ఒక అడ్డగీత, సర్రున లాగేసింది. దారం పట్టినట్టుండాయి. మా పైలట్ సారు ఇంత మంచి హెచ్ మా స్థావరంలో గూడా లేదన్నాడు."

"ఆ ముసలామె సంగతి?"

"ఆమె నా కులం అడిగింది సార్! రెక్కలు తిరగతా ఉండాయి, పిల్ల అరస్తా ఉండాది, ఈమె నా మొగం సూసి 'మీరేమిటోళ్లు నాయనా' అంటాది. హెలికాప్టరోళ్లం అవ్వా అని ఎత్తి లోపల పెట్టేసినా."

విడిపోయే ముందు నా కోసం సిగరెట్టు పెట్టె చించి దాని వెనక బొమ్మ గీశాడు. హెచ్ అక్షరం, చుట్టూ పెద్ద గుండ్రం. గుండ్రంలో గోడ ఉండకూడదు, స్తంభం ఉండకూడదు, తీగలూ పందిరీ ఉండకూడదు. "అది ఖాళీగా ఉంటే సాలు సార్. మాకు ఇంకే పూజా వద్దు."

తిరుచానూరు: పూల అంగడిలో తీర్పు

మర్నాడు రైలుకు ఇంకా పొద్దుండడంతో తిరుచానూరు పోయాను. గుడిలోకి కాదు, గుడి బయటికి. ఏ ఊరైనా గుడి లోపల ఒకేలా ఉంటుంది. బయటే తేడా. మా చిత్తూరులో పూలు మూరల్లో కొలుస్తారు, మూర అమ్మేవాళ్ల చేతిని బట్టి ఉంటుంది. ఇక్కడా అంతే. నేనడిగితే పూలమ్మి తన చెయ్యి చాపి, "దేవుడు నాకు ఇంతే ఇచ్చినాడు సామీ, నేను నీకు అంతకంటే యాడ తెచ్చిచ్చేది?" అంది.

ఆమె అంగడి గుంజకూ పసుపు కాగితం అతికించి ఉంది. హెలికాప్టరు సంగతి చెప్పి, అందులో ఉన్న మనిషితో నిన్ననే కాఫీ తాగానన్నాను. ఓపిగ్గా విని, "ఐతే ఆయప్పను ఎవురు పంపినారంట?" అంది.

"సర్కారు."

"సర్కారు మా ఈదికి కొళాయి పంపలేదే! అంత ఎత్తు నుంచి మిషను పంపిందంటే దాని ఎనక ఎవురో ఉండాల."

ఆ మాటను మా చర్చా సంఘానికి అప్పజెప్పాలని చీటీ మీద రాసుకున్నాను. లేచి రైలుకు నడిచాను.

గూడూరు: నిమ్మకాయల మీద బురద

గూడూరు దగ్గరవుతుంటే కిటికీలోంచి నిమ్మతోటలు కనిపించాయి. చెట్ల నడుము దాకా ఎండిన బురద, పైన పచ్చటి కాయలు. సగం ముంచి తీసినట్టున్నాయి. రాత్రి ఊళ్లో ఉండి పొద్దున దోసె తిన్నాను. దాని మీద పూసిన ఎర్రకారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మావైపు సంగటిలోకి ఊరుబిండి పచ్చడి నూరుకునే కారం, వీళ్లు దోసె మీద పూసి పొద్దున్నే తినేస్తారు. నన్ను చూసి హోటలాయన నిమ్మసోడా కొట్టి ఇచ్చాడు. ఆ సోడాకు డబ్బులు తీసుకోలేదు, "ఏడిపించినోళ్లమే గదా" అన్నాడు.

కొత్తదిన్నె అనగానే ముఖం వెలిగింది. "రేపు గుడికి శంకుస్థాపన. ధనుర్మాసమైనా దేవుడి పనికి దోషం లేదంట. పోండి పోండి, మంచి దినానికే వచ్చినారు."

కొత్తదిన్నె: చెప్పకూడని నిజం

బస్సు దిగి బురదబాటలో నడుస్తూ ఒక చెప్పు తెగగొట్టుకున్నాను. తెగిన పట్టీని తాడుతో కట్టుకుని, కుంటుకుంటూ ఊరు చేరాను. ఊరి పెద్ద సుబ్బరామనాయుడుగారు నిమ్మతోటల ఆసామి, మంచి మనిషి. చూడగానే మజ్జిగ ఇప్పించాడు. కొక్కెం పట్టుకుని వెల్లకిలా పడింది ఈయనేనని మజ్జిగ సగంలో తెలిసింది. "చెయ్యి పెట్టంగానే ఒళ్లంతా జల్లుమనింది అయ్యవారూ! అది శక్తి గాకపోతే ఏంది?" కరెంటు అన్నాను. మా ఊరికి ఇంకా కరెంటు రాలేదని జవాబిచ్చాడు.

దిన్నె చూపించాడు. ఊరికీ ఏటి పక్క వాడకూ మధ్య తాటిచెట్టంత ఎత్తు మట్టిమిట్ట, పైన చదును. ఆ చదును మీద హెచ్ ఉంది. వానకు కరిగిన గీతల మీద ఎవరో సున్నం దిద్దారు. రెండు నిలువు గీతల మధ్య ఎర్రగా శ్రీచూర్ణం కూడా దించారు. అడ్డగీత మాత్రం ఎవరికీ మింగుడుపడక, దాని మీద పూలు కప్పి పెట్టారు. చుట్టూ మేకులు కొట్టి దారం లాగారు. ఇక్కడ గర్భగుడి, ఇక్కడ ధ్వజస్తంభం, చుట్టూ ప్రహరీ, ఊరి వైపు గేటు.

"వాడ వైపు గేటు లేదేం?" అన్నాను.

నాయుడుగారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వాళ్లు కిరస్తానీలు గదా అయ్యవారూ. వాళ్లకు గుళ్లో ఏం పని?"

వాడ వైపు నడిచాను. సగం దారిలోనే ముగ్గు మూట నెత్తిన పెట్టుకుని ఒకామె ఎదురొచ్చింది. పేరు మరియమ్మ. ధనుర్మాసం, ఆమెకు సంవత్సరం తిండి దొరికేది ఈ నెలలోనే. చుట్టుపక్కల పది ఊళ్ల హిందువుల గుమ్మాలన్నీ ఈ కిరస్తానీ పిండితోనే తెల్లబడతాయి. మునిరత్నం పేరు చెప్పగానే మూట దించింది.

"ఆ నాయన బాగుండాడా? ఆ పొద్దు నొప్పులు పడింది నా బిడ్డే. నా మనవరాలికి విమానమ్మ అని పేరు పెట్టినామని చెప్పండయ్యా."

ఆనందం పట్టలేకపోయాను. రేపు అందరి ముందూ నిలబెట్టి, నామం వేసింది దేవుడు కాదు మరియమ్మ అని చాటుతానన్నాను. అలాంటి గెలుపు వాదించేవాడికి జన్మకొకసారి దొరుకుతుంది. ఆమె మాత్రం రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"వద్దయ్యా. మీ కాళ్లకు మొక్కుతా. నిజం చెప్పేసి మీరు బస్సెక్కి పోతారు, నేను ఈడనే బతకాల. దేవుడి నామాన్ని మైల చేసినానంటారు. నా పిండి ఏ గుమ్మం ముందర పడతాది? అంతా అయినాక సంప్రోక్షణ చేసి గుడి కట్టనే కడతారు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"గోడ రాకుండా సూడండి. ఏరు వస్తే మా వాళ్లు ఎక్కేదానికి ఆ దిన్నె తప్ప ఇంకేం లేదు. గేటుకు తాళం ఏసుంటే యాడికి పోవాల?"

ఇరవై ఏళ్లుగా నిజం పలకడమే నా వ్యాపారం. నిజం ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే అది నా నెత్తిన పడేది కాదు.

దిన్నె మీద: సిగరెట్టు పెట్టె ప్రమాణం

మర్నాడు పొద్దున మంగళవాద్యాలు వచ్చాయి. గూడూరు నుంచి పూజారి వచ్చాడు. ఊరంతా దిన్నె ఎక్కింది. వాడవాళ్లు ఏటి పక్క వాలులో దూరంగా నిలబడ్డారు. నాయుడుగారి తల్లి ఎనభై దాటిన ముసలామె, ఆమెను కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు కూర్చోబెట్టారు.

నేను చెయ్యెత్తి మాట్లాడతానన్నాను. అయ్యవారు ఏదో శ్లోకం చెబుతాడనుకుని వాద్యాలు ఆపారు. నా నాలుక చివర మరియమ్మ పేరు ఉంది. దాన్ని మింగాను.  జేబులోంచి సిగరెట్టు పెట్టె ముక్క తీశాను.

"మిమ్మల్ని ఎత్తుకుపోయిన మనిషి తన చేత్తో గీసిచ్చాడు. ఈ గుండ్రంలో గోడ ఉన్నా స్తంభం ఉన్నా మళ్లీ దిగడం కుదరదన్నాడు. చుట్టూ వెతికినా దిగడానికి ఇంకో చోటు లేదన్నాడు. వచ్చే ఏడు ఏరు రాదని మీలో ఎవరైనా పూచీ పడతారా?"

కాగితం చేతులు మారింది. సిగరెట్టు పెట్టెను పూజారి కొనగోళ్లతో పట్టుకుని చూశాడు. "ధ్వజస్తంభం లేని గుడి శాస్త్రంలో లేదు" అన్నాడు.

"గరుడుడు దిగను అంటా ఉండాడు, నువ్వు శాస్త్రం అంటావేంది సామీ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నాయుడుగారు అరచెయ్యి చూసుకుంటున్నాడు, జల్లుమన్న చెయ్యి. "అయ్యవారూ, ఐతే మనం గుడి కడితే గరుడ వాహనానికి అడ్డమంటారా?"

గరుడ వాహనం! దిద్దాలి కదా. బడిలో పిల్లవాడు ఆ మాట రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవాణ్ని. మరియమ్మ వాలులోంచి నన్నే చూస్తోంది.

"అడ్డమే" అన్నాను.

నాయుడుగారు మేకులు పీకించేశాడు. గుడి ఊళ్లోనే చావిడి పక్కన కట్టుకుందామని, దిన్నె మీద ఏటేటా కొత్త నామం మాత్రం వేద్దామని అప్పటికప్పుడు తీర్మానమైంది. నాయుడుగారి కోడళ్లు వెంటనే ముగ్గు గిన్నెలతో వంగారు. వాళ్లకు ముగ్గంటే చుక్కలు, పద్మాలు, తీగెలు. కాసేపట్లో హెచ్ చుట్టూ నాలుగు నెమళ్లు పుట్టాయి. పైనుంచి చూసే పైలట్‌కు ఇది పెళ్లిపందిరిలా ఉంటుంది, ఉత్త గీతలు చాలని మొత్తుకున్నాను. వాళ్లు చెరిపి గీశారు, గీత వంకర పోయింది. మళ్లీ చెరిపారు.

అప్పుడు కుర్చీలో ముసలామె కర్ర నేలకు కొట్టింది.

"మరియమ్మను పిలవండి."

 "అమ్మా, దేవుడి నామం..." అని నాయుడుగారు మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు ఏసింది ఎవురనుకున్నావురా సుబ్బా? నువ్వు మిద్దె మింద తీగ పట్టుకుని ఊగతా పోయినావు. నన్ను గొడ్లపాకలోంచి ఈ దిన్నె మిందికి మోసింది ఆమె మొగుడు. రెండు దినాలు నేను తాగింది ఆమె కాచిన గంజి. నా కండ్ల ముందర గీసింది ఆ నామం. అడిగితే చెప్పేదాన్ని, ఎవురూ అడగలేదు. నన్ను గూడా సంప్రోక్షణ చేస్తారేమో చేసుకోండి."

 నాయుడుగారు తల్లిని చూశాడు, అరచెయ్యి చూసుకున్నాడు, చివరికి వాలు వైపు చూశాడు. "దేవుడు ఎవురి చేత ఏయించుకుంటే మనకేం. రా మరియమ్మా" అన్నాడు.

అంతే. గుట్టు రట్టయినా దేవుడు ఓడిపోలేదు. నాయుడుగారి ఒక్క మాటతో దాన్నీ మింగేశాడు. నేను మింగిన నిజాన్ని ఎనభై ఏళ్ల ముసలామె కక్కింది, ఆమె ఏ చర్చా సంఘంలోనూ సభ్యురాలు కాదు. మరియమ్మ వచ్చి కొంగు బిగించి వంగింది. పిడికిట్లోంచి పిండి సన్నగా జారుతుంటే వెనక్కి అడుగులేస్తూ లాగిన గీత చివరిదాకా ఒక్క చోట వణకలేదు. ఊరివాళ్లు చేతులు జోడించారు. ఎవరికి జోడించారో నేను అడగలేదు.

దగ్గరగా చూద్దామని ముందుకు నడిచాను. తెగి కట్టుకున్న చెప్పు ఈడ్చుకుంటోంది.

"అయ్యా, చెప్పులు ఇడవండి! గీత చెరిగిపోతాది" అని మరియమ్మ కేకేసింది.

విడిచాను.